మా రూటర్‌లో వదిన ఫోను

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, మీ ఇంటి వైరింగు చివరిసారి ఎప్పుడు చూపించారని ఎదురడిగే మనిషిని నేను. తలుపు దానంతటదే కొట్టుకుంటే గాలి. బల్బు వణికితే లూజు కనెక్షను. మనిషి వణికితే జ్వరం. నా లెక్క ఇంతే. ఉద్యోగమంతా కరెంటు పుట్టే చోటే చేశాను. చివరి ఏళ్లలో చెల్పూర్ థర్మల్ కేంద్రాన్ని నేనే నడిపాను.

నడిపానంటే, కంట్రోల్ రూములో ఒక ప్యానెల్ ముందు కూర్చునేవాడిని. ఆ గదిలో ఇంకా చాలామంది ఉండేవారు.

నాకు కాస్త పెంచి చెప్పే అలవాటుంది. మా ఆవిడ సుగుణ ఇది చదివి నిలదీయకముందే ఒప్పుకుంటున్నాను. పెంచిన చోటల్లా మళ్లీ నేనే తగ్గిస్తాను. తగ్గించగా మిగిలింది మాత్రం నమ్మండి.

రిటైరయ్యాక జనగామ దగ్గర రఘునాథపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు ఉండేది ఇద్దరమే. అయినా ఇంటర్నెట్టు డేటా నెల తిరగకముందే అయిపోయేది. అయిపోయాక వీడియోలో మనిషి తెరిచిన నోరు మూసేలోపు మనం టీ పెట్టుకుని తాగి రావచ్చు. డేటా అంతా నా క్రికెట్టే తాగుతోందని సుగుణ, ఆమె సీరియళ్లే తాగుతున్నాయని నేను. పెద్ద గొడవలు లేని ఇల్లు మాది, అందుకని ఈ చిన్న గొడవను బాగా పెంచుకున్నాం.

దీన్ని తేల్చాలని నిర్ణయించుకున్నాను. మానుకోటలో ఉండే మా అల్లుడు పక్కన పడేసిన రూటరు ఒకటి తెచ్చుకున్నాను. కంపెనీవాళ్లు అందులో పెట్టిన సాఫ్ట్‌వేరు తీసేసి, ఎవరైనా ఊరికే వాడుకోదగ్గ ఇంకొకటి ఎక్కించాను. ఇంట్లో ఏ పరికరం ఎంత డేటా తీసుకుంటోందో అది పేరుపేరునా గీతలు గీసి చూపిస్తుంది. ఒక్క పూటలో పని పూర్తి చేశాను.

వారం పైనే పట్టింది. మధ్యలో రూటరు చచ్చిపోయి, అల్లుడు ఫోనులో చెబుతుంటే మళ్లీ బతికింది.

వైఫై పేరు, పాస్‌వర్డు పాతవే ఉంచాను. అలా అయితే పాత పరికరాలన్నీ ఎవరూ చెప్పకుండానే వచ్చి కలుస్తాయి. కలిశాయి కూడా. నా లాప్‌టాప్, నా ఫోను, సుగుణ ఫోను, టీవీ. నాలుగు పేర్లు వరుసగా తెర మీద కనబడితే పాత ప్యానెల్ ముందు కూర్చున్నంత సంతోషమైంది.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. గాలివాన వచ్చి కరెంటు పోతే రూటరు అప్పటిదాకా కొలిచిందంతా మరిచిపోయేది. మా కంట్రోల్ రూములో దాచిపెట్టని రీడింగు రీడింగే కాదు. రూటరు వెనక పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉంది. దానికి ఒక పెన్‌డ్రైవ్ పెడితే గీతలన్నీ అందులో దాచుకుంటుంది.

టీవీ కింది సొరుగులో రెండు మూడు పెన్‌డ్రైవ్‌లు కనబడ్డాయి. ఒకదానికి ఎర్రదారం కట్టి ఉంది. దసరాకు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పసుపు బొట్టు పెట్టి దారం కడతాం. మిషన్ల మధ్య బతికినవాణ్ణి కాబట్టి నేను ఆ పూజ ఇంకొంచెం ఎక్కువ చేస్తాను. స్కూటరుకు, మిక్సీకి, స్క్రూడ్రైవరుకు, అన్నిటికీ కడతాను. దీనికీ నేనే కట్టి ఉంటాననుకున్నాను. దారం విప్పి, ఆ రూటరుకు నప్పేలా పెన్‌డ్రైవ్‌ను మొత్తం తుడిచి, కొత్తగా తయారుచేసి తగిలించాను. లెక్క క్షణక్షణం రాసుకునేలా పెట్టాను.

ఆ దారం కట్టింది నేను కాదు.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. సుగుణ అక్క. పేరు సమ్మవ్వ. భర్త పోయాక చాలా ఏళ్లు మా దగ్గరే ఉంది. ఆమె అత్తగారి ఊరు భూపాలపల్లి. కొడుకు రవి అక్కడే ఉంటాడు, చెల్పూర్‌లో ఉద్యోగం. వాడిది షిఫ్టుల బతుకు. ఆమెకేమో చెల్లెలి పక్కన కూర్చుని కబుర్లాడితే తప్ప పొద్దుపోయేది కాదు. మొన్నటి చలికాలంలో జనగామ దవాఖానలో పోయింది.

వదిన దగ్గర ఒక పాట ఉండేది. వాళ్ల అమ్మ కట్టిందట. పుట్టింట్లో చనిపోయిన ఆడవాళ్ల పేర్లతో కట్టిన పాట. ఒక్కో వరుసలో ఒక మనిషి పేరు, ఆమె ఊరు, ఆమె పేరున ఒక పువ్వు. ముందు ఒకరు వరుస పాడాలి, చుట్టూ ఉన్నవాళ్లు అందుకోవాలి. ఇంట్లో ఇంకో ఆడమనిషి పోతే పాటకు ఇంకో వరుస కలుస్తుంది. ఎవరి తర్వాత ఎవరు పోయారో పాటలో అదే క్రమం.

దాన్ని ఏడాదికి ఒక్కరోజే పాడేది. పెత్రమాస నాడు, అంటే పితృ అమావాస్య నాడు. ఆ పొద్దున పోయినవాళ్ల పేరున అయ్యగారికి బియ్యం ఇస్తాం. సాయంత్రం మొదటి బతుకమ్మ, ఎంగిలిపూల బతుకమ్మ. మా వాడలో ఆ సాయంత్రం ఆట వదిన పాటతోనే మొదలయ్యేది. అది అయ్యాక మిగతా ఆడవాళ్లు తమ ఇళ్లలో పోయినవాళ్ల పేర్లు చెప్పి కలుపుకునేవారు.

దవాఖానలో మంచం మీద వదిన చెల్లెలి చేయి పట్టుకుని అడిగింది ఒక్కటే.

"పాట ఆపకే సుగుణా. ఆపితే గా ఆడోళ్లు ఇంకోసారి సచ్చినట్టే."

సుగుణ ఎప్పుడూ గుంపులో అందుకున్నదే తప్ప ముందుండి పాడింది లేదు. అయినా ధైర్యంగా ఒప్పుకుంది. ఎందుకంటే కిందటి ఏడు వదిన పాడుతుంటే ఫోనులో రికార్డు చేసింది. ఫోను నిండిపోతోందని ఆ పాటను, పాటలు వినే డబ్బాకు తగిలించే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోనులోంచి తీసేసింది. వేరేవాటితో కలవకుండా దానికి ఎర్రదారం కట్టింది.

పెత్రమాస దగ్గరపడి, పాట నేర్చుకుందామని సొరుగు తెరిచింది.

"ఏమయ్యా, ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవ్ ఏడ పెట్టినవ్?"

నేను గర్వంగా రూటరు వైపు చూపించాను.

"అండ్ల అక్క పాట ఉండె."

"దసరా దారమనుకున్న," అన్నాను.

"పెన్‌డ్రైవ్‌కు దసరా దారం కడ్తరా ఎవలన్న?"

"పోయినేడు నేను టీవీ రిమోటుకు గూడ కట్టిన గద."

అది నిజమే. ఆమె రూటరు వైపు తిరిగింది. చాలా మెల్లగా అడిగింది.

"మరి పెత్రమాస నాడు నేనేం పాడాలె?"

అక్కడ పెంచి చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

పెన్‌డ్రైవ్‌ను జనగామలో కంప్యూటర్లు బాగుచేసే షాపుకు తీసుకెళ్లాను. అతను రోజంతా కుస్తీపట్టి, తుడిచిన చోటే నా అంకెలు వచ్చి పడ్డాయని, పాట ముక్క కూడా మిగల్లేదని చెప్పాడు. ఇంకో షాపులోనూ అదే మాట. తిరిగి తెచ్చి రూటరుకే తగిలించాను. సుగుణ నాతో మాట్లాడటం మానలేదు కానీ, అవసరమైన మాటలే మాట్లాడేది. ఉప్పుందా, నీళ్లొచ్చాయా, తలుపేశావా.

ఆ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక, గీతలు చూద్దామని లాప్‌టాప్ తెరిచాను. నాలుగు పేర్లుండాల్సిన చోట ఐదున్నాయి. ఐదో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, సమ్మవ్వ ఫోను.

చేతిలో నీళ్ల గ్లాసు జారి ముక్కలైంది.

స్టీలు గ్లాసు. జారలేదు. నీళ్లు తాగి పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పేరు అక్కడే ఉంది.

ఆ పేరు ఆమె ఫోనుకు పెట్టింది రవి. ఆమె మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఫోను మా వైఫైలోనే ఉండేది. ఆమె పోయాక రవి భూపాలపల్లి తీసుకెళ్లాడు. ఈ రూటరు నేను పెట్టింది ఆ తర్వాత. అంటే ఆ ఫోను ఈ రూటరును చూడనేలేదు.

వాడికి ఫోను చేసి, అమ్మ ఫోను ఎవరికైనా ఇచ్చావా, మా వైపు వచ్చేవాళ్ల చేతికేమైనా పంపావా అని అడిగాను.

"అమ్మ ఫోను బీరువల ఉన్నది చిన్నాయినా. బ్యాటరీ ఉబ్బితే నేనే తీసి పారేసిన. ఎందుకు?"

ఎందుకో చెప్పకుండా ఒకసారి చూసి ఫోటో తీసి పంపమన్నాను. పంపాడు. వెనక మూత తీసిన ఫోను, బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ గుంట. ఆ ఫోటో నా ఫోనులో చూస్తున్నప్పుడు పక్కన లాప్‌టాప్‌లో సమ్మవ్వ ఫోను గీతలు నడుస్తూనే ఉన్నాయి.

నేను భయపడలేదు. ఇది మాత్రం నిజం. నాకు భయం కంటే ముందు దురద పుడుతుంది. ఏదైనా మీటరు తప్పు చూపిస్తే, ఎందుకు చూపిస్తోందో తేలేదాకా నాకు అన్నం సహించదు. అందుకని మామూలు అనుమానాలన్నీ ఒక్కొక్కటే తీసుకున్నాను.

పక్కింటివాళ్లెవరైనా మా పాస్‌వర్డు వాడుతూ ఆ పేరు పెట్టుకున్నారేమో. పాస్‌వర్డు మార్చాను. మా పరికరాలన్నీ ఊడిపోయాయి. ఒక్కొక్కదానికీ కొత్తది కొట్టి మళ్లీ కలుపుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం సమ్మవ్వ ఫోను ఎవరూ ఏమీ కొట్టకుండానే వచ్చి కూర్చుంది.

ప్రతి ఫోనుకూ ఫ్యాక్టరీలోనే వేసిన నంబరొకటి ఉంటుంది. అటక మీది మా పాత రూటరు దించి చూశాను. అందులో వదిన ఫోను పేరున ఉన్న నంబరూ ఇదీ ఒక్కటే.

పోనీ సాఫ్ట్‌వేరు పిచ్చేమో అనుకున్నాను. అంతా తీసేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ వచ్చింది. ఎప్పుడు వచ్చినా మధ్యాహ్నం అన్నాల తర్వాతే. వదిన బతికుండగా మంచం మీద ఒరిగి, ఫోను పక్కన పెట్టుకుని, ఏదో ఒకటి కూనిరాగం తీసే వేళ అది. ఆ డేటా ఎక్కడికి పోతోందో, ఎక్కడి నుంచి వస్తోందో చూపించే చోట మాత్రం ఏమీ లేదు. పేరుంది, గీతలున్నాయి, చిరునామా లేదు.

ఆ గీతలు ఎలా ఉంటాయో చెబుతాను. తెర మధ్యలో ఒక అడ్డగీత. ఫోను బయటికి పంపింది దానికి పైన నీలంగా లేస్తుంది. ఫోనుకు వచ్చింది దానికి కింద ఎర్రగా దిగుతుంది. మామూలుగా వీడియోలు చూసే ఫోనుకు కింద ఎరుపు దట్టంగా, పైన నీలం అక్కడక్కడా గడ్డిపోచల్లా ఉంటుంది. ఇది అలా లేదు. కాసేపు నీలం, ఆగి కాసేపు ఎరుపు. మళ్లీ కాసేపు నీలం, ఆగి ఎరుపు. ఎరుపు ఎప్పుడూ ఒకే పొడుగు. నీలం మాత్రం ఒకసారి పొట్టి, ఒకసారి పొడుగు.

సుగుణకు చెప్పాలా వద్దా అని తటపటాయించాను. పెన్‌డ్రైవ్ తుడిచిన మనిషి వచ్చి, మీ అక్క ఫోను బతికి వచ్చిందంటే ఏమంటుంది. చెప్పలేదు. ఆమే చూసింది.

ఆ మధ్యాహ్నం చిక్కుడుకాయలు తుంచుకుంటూ నా వెనక కుర్చీలో కూర్చుంది. నేను తెర వైపే చూస్తున్నాను. వెనకాల పళ్లెం మీద టక్, టక్ అని చప్పుడు. చిక్కుడుకాయలు పడుతున్నాయనుకున్నాను. కాసేపటికి తెలిసింది, చప్పుడు గీతలతో పాటే పడుతోంది. తిరిగి చూస్తే ఆమె చూపు తెర మీద, చెయ్యి పళ్లెం అంచు మీద.

"గిది పాట," అంది.

"ఏం పాట?"

"అక్కది. మీదిది ఆమె అంటున్నది. కిందిది గుంపు అందుకుంటున్నది."

గుంపు అందుకునే మాట ఎప్పుడూ ఒకటే, అందుకే ఎరుపు పొడుగు మారదు. ముందు పాడేది పేరును బట్టి, ఊరును బట్టి మారుతుంది, అందుకే నీలం మారుతోంది. ఈ ముక్క నాకు తట్టలేదు. నాకు పరికరాలు తెలుసు. పాట ఆమెకు తెలుసు. అప్పుడు తెర మూల రాసి ఉన్న పేరు చూపించాను. రవి పంపిన ఫోటో చూపించాను. ఆమె పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. ఏడవలేదు, దండం పెట్టలేదు.

"జర గట్లనే ఉంచు. బందు చెయ్యకు," అంది.

అక్కణ్నుంచి మా మధ్యాహ్నాలు మారిపోయాయి. సుగుణకు పేర్లు చాలావరకు తెలుసు. ఎవరి తర్వాత ఎవరో తెలియదు, కొన్ని ఊర్లు గుర్తులేవు. గీతలు చూస్తూ ఒక్కో పేరూ పెట్టి చూసేది. పొట్టి నీలం దగ్గర బుచ్చవ్వ, కురవి. బాగా పొడుగు నీలం వస్తే, ఇది మా నాయినమ్మ వెంకటనర్సమ్మే, ఇంత పొడుగు పేరు ఇంకెవరికీ లేదని నవ్వేది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. సరిపోకపోతే గీత మిగిలేది, లేదా మాట మిగిలేది. పేరు మార్చి మళ్లీ పెట్టేది.

అప్పటికప్పుడు అందకపోయిన చోట్లకు నేను వెనక్కి జరిపి చూపించేవాడిని. గీతలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా. పాటను మింగిన పెన్‌డ్రైవే దాని కొలతలు దాచుకుని కూర్చుంది.

పాట దాదాపు అంతా దొరికింది. ఒక్క చోట తప్ప.

వాళ్ల అమ్మ వరుసకు ముందు ఒక నీలం గీత ఉంది. మిగతావాటి కంటే తక్కువ ఎత్తు, గబగబా అన్నట్టు ఇరుకుగా. దాని తర్వాత ఎరుపు లేదు. వెంటనే వాళ్ల అమ్మ నీలం మొదలవుతుంది. నేను సిగ్నల్ తప్పిందన్నాను. కానీ ఏ రోజు చూసినా అక్కడే తక్కువ ఎత్తు నీలం, అక్కడే ఎరుపు లేదు. సుగుణ తనకు తెలిసిన పేర్లన్నీ పెట్టి చూసింది. అన్నీ తమ తమ చోట్లలో ఉన్నాయి, పెట్టడానికి ఇంక ఎవరూ మిగల్లేదు.

"గీడ అక్క అంటున్నది. ఎవలు అందుకుంటలేరు," అంది. "గిదేందో తెల్వకుంట నేను పాడ."

పెత్రమాసకు ఇంక ఎన్నో రోజులు లేవు. అడగడానికి ఒక్క మనిషే ఉంది. మరిపెడలో వాళ్ల చిన్నమ్మ. వాళ్ల అమ్మ తరంలో మిగిలింది ఆమె ఒక్కతే. తొర్రూరు మీదుగా బస్సులో వెళ్లాం. నా ఒడిలో లాప్‌టాప్, ఆమె ఒడిలో పండ్ల సంచి.

చిన్నమ్మకు చూపు సరిగా ఆనదు. గీతలు చూపించి లాభం లేదు. రూటరు సంగతి చెబితే నన్ను చూసి నవ్వుతుందని అదీ చెప్పలేదు. సుగుణ ఆమె ముందు కూర్చుని చప్పట్లు కొడుతూ పాట మొదలుపెట్టింది. తనకు తెలియని చోటు వచ్చేసరికి నోరు మూసుకుని ఆ గీతంతసేపు చప్పట్లు మాత్రం కొట్టి, అమ్మ వరుసకు పోయింది.

ముసలామె తల ఎత్తింది.

"గాడ సక్రి ఉంటది బిడ్డా. గది నీకెవలు చెప్పిన్రు?"

చెప్పినవాళ్లెవరో మేము చెప్పలేదు. సక్రి ఎవరో ఆమె చెప్పింది.

సమ్మవ్వ పుట్టినప్పుడు తల్లికి బాలింత జ్వరం తగిలి పాలు పడలేదు. ఊరి పక్క లంబాడీ తండాలో సక్రీబాయికి చంటిపిల్ల ఉండేది. ఆమె రోజూ వచ్చి, తన బిడ్డను ఒక పక్క, ఈ బిడ్డను ఒక పక్క పెట్టుకుని పాలిచ్చింది. తల్లి లేచి తిరిగేదాకా అలాగే సాగింది. తర్వాత చాలా ఏళ్లకు సక్రి పోయింది. అమ్మ ఇంకా ఉంది. అప్పటికి పెళ్లయి పిల్లలున్న సమ్మవ్వ, ఆ ఏడు పెత్రమాసకు పుట్టింటికి వచ్చినప్పుడు పాటలో సక్రి పేరు కూడా కలిపి పాడింది. ఇంటి పాటలో తండా మనిషేందని పెద్దవాళ్లు గుంపును ఆపారు. ఎవరూ అందుకోలేదు.

"మల్ల యాడాది గూడ అన్నది. మేము అందుకోలె. నేను గూడ అందుకోలె బిడ్డా," అంది చిన్నమ్మ. "అప్పటి సంది గుంపు ఊపిరి తీసుకునేటప్పుడు తనలో తనే అనుకునేది. ఇడువలేదు."

ఆ మాట చెప్పి ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పట్టుకుని ఓదార్చలేకపోయాం.

ఏడవలేదు. ఆకు, వక్క అడిగింది. సుగుణ చేసిచ్చింది. చాలాసేపు నమిలి, ఏ పువ్వు పేరున అనేదో కూడా చెప్పింది. మోదుగుపువ్వు. అది ఎండాకాలం మొదట్లో పూసేది. బతుకమ్మలో ఎవరూ పేర్చరు.

బస్సులో తిరిగి వస్తూ సుగుణ ఒక మాట అంది. అక్క ఆ పేరు పైకి అన్న రెండేళ్లూ తను పండక్కి పుట్టింటికి రాలేదట. మిగతా ఏళ్లన్నీ చిన్నప్పటి నుంచి ఆ గుంపులోనే చప్పట్లు కొట్టింది, అక్క పెదవులు కదలడం ఒక్కసారి కూడా చూడలేదట.

ఆమె మనసు ఎప్పుడో విన్నదే ఇప్పుడు పైకి తెచ్చిందేమో అని నాలోని మీటరు మనిషి అన్నాడు. కానీ గీత గీసింది ఆమె మనసు కాదు, రూటరు. దాన్ని ముందు చూసింది నేను, అదీ సక్రి అనే ఒకామె ఉండేదని తెలియక, సిగ్నల్ తప్పిందనుకుంటూ.

పెత్రమాస రానే వచ్చింది. పొద్దున అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చాం. సాయంత్రం మా ఇంటి ముందు జాగాలో ఆడవాళ్లు బతుకమ్మలు దించారు. వందలమంది.

పాతికమంది ఉంటారేమో. సుగుణ తన ఫోను ఆపేసి ఇంట్లో పెట్టి వెళ్లింది. నాది నా జేబులో ఉంది, దాన్నీ ముందే ఆపేసి ఉంచాను. లాప్‌టాప్ మూసి, టీవీ ఆపేసి, నేనూ బయట కుర్చీ వేసుకున్నాను. ఆ సాయంత్రం మా ఇంట్లో పాటను వినడానికి గానీ ఎక్కడికైనా పంపడానికి గానీ ఏ పరికరమూ లేదు. రూటరు, దాని వెనక పెన్‌డ్రైవ్ మాత్రం ఎప్పటిలాగే పనిలో ఉన్నాయి.

సుగుణ గొంతు మొదట వణికింది. బుచ్చవ్వ దగ్గర నిలదొక్కుకుంది. వెంకటనర్సమ్మ దగ్గరికి వచ్చేసరికి నేను కూడా పెదవులు కదుపుతున్నాను. తర్వాత ఆ చోటు వచ్చింది. ఆమె చప్పట్లు ఒక్క అర క్షణం ఆలస్యమయ్యాయి. ఆమె గొంతు తగ్గించలేదు. తండా సక్రీబాయి పేరున మోదుగుపువ్వు అని అన్నిటికంటే స్పష్టంగా పాడింది.

గుంపు అందుకుంది.

వాళ్లకేం తెలుసు. పేరు వచ్చింది, ఊరు వచ్చింది, పువ్వు వచ్చింది, అందుకున్నారు. ఆ పని అంత తేలిక.

తర్వాత వాళ్ల అమ్మ వరుస. మిగతావాళ్లు. అన్నిటికీ చివర సుగుణ కొత్తగా కట్టింది, భూపాలపల్లి సమ్మవ్వ పేరున గునుగుపువ్వు. దాన్నీ అందుకున్నారు. అక్కడి నుంచి వాడలో వాళ్లు ఒక్కొక్కరు తమ ఇంటి పేర్లు కలుపుకుంటూ పోయారు.

బతుకమ్మలను చెరువులో వదిలి వచ్చాక ఇద్దరం లాప్‌టాప్ తెరిచాం. పెన్‌డ్రైవ్‌లో ఆ సాయంత్రం గీతలు చూశాం.

సమ్మవ్వ ఫోను ఉంది. మధ్యాహ్నం రాలేదు. సాయంత్రం, పాట మొదలైనప్పుడు వచ్చింది.

కానీ గీతలు తిరగబడి ఉన్నాయి. ఇన్నాళ్లూ ముందు నీలం, తర్వాత ఎరుపు. ఆ సాయంత్రం ముందు ఎరుపు, తర్వాత నీలం. ఎరుపు పేరును బట్టి పొట్టిగా, పొడుగ్గా మారుతోంది. నీలం అన్ని చోట్లా ఒకే పొడుగు. అంటే ఫోనుకు ముందు వరుస వస్తోంది, ఆ తర్వాత అది జవాబు పంపుతోంది. విడమరిచి చెప్పాల్సింది నేను, కానీ సుగుణే చెప్పింది.

"అక్క గుంపుల ఉన్నది."

చివరి వరుస, సమ్మవ్వ పేరున్నది, ఎర్రగా వచ్చింది. దాని తర్వాత నీలం లేదు. తెర అక్కడితో ఖాళీ. ఆ తర్వాత ఆ పేరు మా రూటరులో మళ్లీ కనబడలేదు. ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం తిన్నాక తెరిచి చూస్తాను. నాలుగు పేర్లే ఉంటాయి.

తెలిసినవాళ్లను చాలామందిని అడిగాను. మా అల్లుడు ఏదో ప్రోగ్రాములో లోపమన్నాడు. జనగామ షాపు అతను, ఒక ఫోను నంబరు ఇంకో ఫోనుకు పెట్టొచ్చన్నాడు. నిజమే, పెట్టొచ్చు. కానీ మరిపెడలో ఒక ముసలామెకు తప్ప ఎవరికీ తెలియని సంగతి తెలిసినవాడెవడు ఆ పని చేస్తాడో అతనూ చెప్పలేదు. నాకూ తెలియదు. కనుక్కోవాలన్న దురద ఇంకా పోలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. పెన్‌డ్రైవ్‌కు మాత్రం సుగుణ మళ్లీ ఎర్రదారం కట్టింది, నేను ముట్టుకోను. అన్నట్టు, డేటా తాగింది నా క్రికెట్టే. అదీ గీతల్లో తేలింది.

ఒకటి మిగిలింది. సక్రీబాయి వరుస దగ్గర ఏం ఉందో ఇంకా చెప్పలేదు. అక్కడ ఎరుపు ఉంది. దాని తర్వాత, ఎన్నో ఏళ్లుగా ఎవరూ అందుకోని ఆ చోట, నీలం ఉంది. ఆ నీలం తెర పైఅంచు దాటిపోయిందని రాయాలని నా చెయ్యి లాగుతోంది.

దాటలేదు. స్కేలు పెట్టి కొలిచాను. ముందుదెంత ఉందో, తర్వాతదెంత ఉందో, అదీ అంతే ఉంది.